మాత నుయ్యి

మన పత్రికల్లో పిల్లల ఆటల గురించి రాయటమంటే సాధారణంగా అచ్చంగిల్లలు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ గురించి రాయటమే. అవి అమ్మమ్మల చేతుల్లోంచి మన చేతుల్లోకి వచ్చాయి కాబట్టి వాటికొక గౌరవం ఉంది. నేనిప్పుడు రాయబోయే ఆటకి అలాంటి గౌరవమేమీ లేదు. డెన్మార్క్‌లోని ఒక బొమ్మల కంపెనీ తన సరుకు అమ్ముకోవటం కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ఆట అది. అయినా నాకు కథ చెప్పటం గురించి, పేర్ల గురించి, ఆడపిల్లకి ఎంత చోటు ఇస్తారన్న దాని గురించి మొదట ఆలోచన పుట్టించింది అదే. నా తరం ఆడవాళ్ళలో చాలామందికి ఇలాంటి గౌరవం లేని జ్ఞాపకాలు ఉంటాయి. వాటిని కూడా మనం రాసుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు.

ఆట పేరు మాత నుయ్ ఆన్‌లైన్ గేమ్. లెగో కంపెనీ 2001లో బయోనికల్ అనే బొమ్మల వరస మొదలుపెట్టినప్పుడు, న్యూయార్క్‌లోని టెంప్లార్ స్టూడియోస్ వాళ్ళు ఫ్లాష్‌లో దీన్ని తయారుచేశారు. ఆ ఏడాది పొడుగునా భాగాలు భాగాలుగా విడుదలైంది. మాత నుయ్ అనే దీవి. అక్కడ నిప్పు, నీరు, గాలి, రాయి, మట్టి, మంచు పేర్లతో ఆరు ఊళ్ళు. వాటిని కాపాడటానికి ఆరుగురు వీరులు. వాళ్ళని టోవాలంటారు. దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అమ్మిన బొమ్మలు ఈ ఆరుగురే. కానీ ఆటలో మనం వీరులం కాదు. తకూవా అనే ఒక మామూలు ఊరి మనిషిగా, ఏమీ గుర్తులేకుండా, సముద్రపు ఒడ్డున మేల్కొంటాం. అక్కణ్ణుంచి ఊరూరా నడుస్తాం, కనబడ్డవాళ్ళతో మాట్లాడతాం, చెడిపోయినవి బాగుచేస్తాం, జరిగింది చూస్తాం. పాయింట్లు లేవు. మూడు ప్రాణాలు, అయిదు ప్రాణాలు అంటూ లెక్క లేదు. చివరికి తకూవా సంపాదించేది కత్తి కాదు, ఒక పుస్తకం. ఊళ్ళలో జరిగిందంతా రాసిపెట్టే చరిత్రకారుడి పని అతనికి అప్పగిస్తారు.

2001లో నాకు పదకొండేళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి 20 రూపాయలు. ప్లైవుడ్ అరలు, వాటికి పూల గుడ్డ కర్టెన్లు. ఆ కర్టెన్ల వల్లే ఆడపిల్లలు అక్కడికి వెళ్ళకూడదని మా ఇంట్లో నియమం. అన్నయ్య ఒక్కడే వెళ్ళొచ్చు. నేను వెళ్ళాలంటే అమ్మ పక్కన ఉండాలి. సెలవుల్లో వారానికి ఒక్కసారి అమ్మ చీర మార్చుకుని, చేతిలో సంచితో వచ్చి నా పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేది. కర్టెన్ తీసే ఉంచమనేది. బొమ్మ తెర మీద నెమ్మదిగా పైనుంచి కిందికి దిగేది. అది దిగేలోపల అమ్మ ఒక వరస చిక్కుళ్ళు ఈనెలు తీసేది. ఇది అతిశయోక్తి కాదు, నిజంగా సంచిలో కూరగాయలు తెచ్చుకునేది.

మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. తెర మీది పేర్లని తెలుగులో చదువుకునేవాళ్ళం. అక్కడే అసలు తమాషా. దీవి పేరు అమ్మకి 'మాత నుయ్యి' అని వినబడింది. "అమ్మవారి బావేమో," అంది. నీటి ఊరిని కాపాడే వీరురాలి పేరు గాలి. నిప్పు ఊళ్ళో కాపలాదళం నాయకుడి పేరు జల. "నీళ్ళావిడకి గాలి అనీ, నిప్పు ఊరివాడికి జల అనీ పెట్టిన మహానుభావుడెవరే?" అని అమ్మ పకపకా నవ్వింది. మాత నుయ్‌ని నిద్రపుచ్చి, లోకాన్ని చీకటి చేసిన దుష్టుడి పేరు మకుట. అది మాత్రం సరిగ్గానే పెట్టారనుకున్నాం. గనుల ఊళ్ళో ఒక పీత ఉంది. దాని పేరు పైకి చదవగానే పక్క అరలోని అబ్బాయిలు గట్టిగా నవ్వారు, అమ్మ నా నోరు మూసింది. ఆడదాని శరీరంలో ఒక భాగం పేరు మన భాషలో బూతుగా మాత్రమే బతికి ఉంది కదా. అదే మాటకి మావోరీ భాషలో పొట్ట అని అర్థమని చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు, ఎంత మామూలు మాట, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చిన పేరు మాకు. నీటి ఊరి పిల్ల. ఆట మొదట్లోనే కనబడుతుంది. తన ఊరి మీద పెద్ద నీటిజంతువు పడిందనీ, తనవాళ్ళు నీటి కింద గుడిసెలో చిక్కుకుపోయారనీ చెప్పి, సాయం అడగటానికి పడవేసుకుని వెళ్తుంది. మనం ఆ ఊరికి వెళ్ళి పంపు బాగుచేస్తే గుడిసె పైకి తేలుతుంది. "మాకు ఏమిటి, ఎవరికి?" అని అమ్మ అడిగేది. "మాకే," అనేదాన్ని నేను. గంట అయిపోగానే కరెంటు పోయినట్టు ఆపెయ్యాలి. వచ్చే వారం అదే కంప్యూటర్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని అమ్మ పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీలో మేము ఎక్కడిదాకా వచ్చామో రాసేది. 'నీళ్ళ ఊరు. పంపు అయింది. రాయి ఊరికి పోవాలి.' ఇలా.

ఆ బొమ్మల్లో ఒక్కటి కూడా నేను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. కొనమని అడిగే ధైర్యం కూడా చెయ్యలేదు. ప్రకటన కోసం తయారైన కథ, కొనలేని పిల్లకి కథగానే మిగిలిపోయింది. కంపెనీ ఊహించని పాఠకురాలిని నేను.

కిందటి వేసవిలో నా మేనకోడలితో కలిసి ఆ ఆట మళ్ళీ మొదట్నుంచీ ఆడాను. దానికి తొమ్మిదేళ్ళు. మామూలుగా అయితే ఈ ఆట ఇప్పుడు ఆడటం కుదరదు. అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ ఏ ఆటనీ నడపటం మానేసింది. 1990ల చివర, 2000లలో పిల్లలు, అందులో ఎంతోమంది ఆడపిల్లలు, ఆడిన వేలాది చిన్న ఆటలు ఒక్కసారిగా మూగబోయాయి. వాటిని దాచింది ఎక్కువగా అభిమానులే. ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్టు 2018 నుంచీ వీటిని పోగుచేస్తోంది. మాత నుయ్ కూడా అలా అభిమానుల చేతుల్లోనే బతికింది.

మళ్ళీ ఆడుతుంటే మా మేనకోడలు అడిగిన మొదటి ప్రశ్న: "అత్తా, ఇందులో అమ్మాయిలు ఎంతమంది?" లెక్కపెట్టాం. ఆరుగురు వీరుల్లో ఒక్కరు. ఆరుగురు ఊరిపెద్దల్లో ఒక్కరు. ఆరు ఊళ్ళలో ఒక్క ఊరు. ఈ లోకంలో నిప్పు, రాయి, మట్టి, మంచు, గాలి తెగలవాళ్ళంతా మగవాళ్ళు. నీటి తెగవాళ్ళు ఒక్కరే ఆడవాళ్ళు. వాళ్ళ రంగు నీలం. అమెరికన్ రచయిత్రి కేథా పోలిట్ 1991లో దీనికొక పేరు పెట్టారు, స్మర్ఫెట్ సూత్రం అని. గుంపు నిండా రకరకాల మగవాళ్ళు, మధ్యలో ఒక ఆడది. మగవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక్కో స్వభావం ఉంటుంది. ఆవిడ స్వభావం ఆడదై ఉండటమే. బయోనికల్‌లోనూ అంతే. నిప్పు వీరుడికి కోపం, మంచు వీరుడికి ఏకాంతం, రాయి వీరుడికి స్నేహం. గాలికి ఏం ఇచ్చారు? కొట్టుకునే మగవాళ్ళ మధ్య సర్దిచెప్పే ఓర్పు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపచేసింది వేరే విషయం. వీళ్ళు యంత్రాలూ ప్రాణమూ కలిసిన జీవులు. గర్భసంచి లేదు, పురుడు లేదు, పెళ్ళి లేదు, వంట లేదు, ఇంటిపేరు లేదు. ఆడా మగా అన్న తేడాకి మనం చెప్పుకునే కారణం ఒక్కటి కూడా ఆ దీవిలో లేదు. అయినా తేడా ఉంది. అయిదు మగ, ఒకటి ఆడ అన్న లెక్కతో సహా ఉంది. జెండర్ శరీరంలోంచి పుట్టదని మనం ఎన్ని క్లాసుల్లో, ఎన్ని సెమినార్లలో వాదించామో! శరీరమే లేని చోట కూడా దాన్ని భద్రంగా బిగించిపెట్టిన ఈ ప్లాస్టిక్ బొమ్మల కన్నా మంచి ఉదాహరణ నా క్లాసులో నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ దీవి అసలు సంగతి 2008లో బయటపెట్టారు. మాత నుయ్ అంటే నిద్రపోతున్న ఒక మహాకాయుడి ముఖాన్ని కప్పిన నేల. ఊళ్ళన్నీ ఆయన ముఖం మీద కట్టుకున్నవి. మావోరీ భాషలో మాత అంటే ముఖం, నుయ్ అంటే పెద్దది. పేరులోనే దాచారన్నమాట. ఈ కథకి మూలపురుషుల్లో ఒకరైన క్రిస్టియన్ ఫేబర్, తన మెదడులో గడ్డకి మందు తీసుకుంటున్న రోజుల్లో, శరీరంలోకి వెళ్ళి జబ్బుతో పోరాడే చిన్న చిన్న సైనికుల ఊహలోంచి ఇది పుట్టిందని చెప్పారు. జబ్బుపడ్డ మనిషి తన ఒంటి గురించి కన్న కల ఇది. అది తెలిశాక కథ మీద నాకు ప్రేమ పెరిగిందే కానీ తగ్గలేదు. కాకపోతే అమ్మ విన్న 'మాత నుయ్యి' ఎక్కడ, ఈ నిద్రపోయే మగ దేవుడు ఎక్కడ! మేమిద్దరం ఏడాదిపాటు అమ్మవారి బావి చుట్టూ తిరుగుతున్నామనుకుంటూ ఒక మగవాడి ముఖం మీద నడిచాం.

ఇక పేర్ల సంగతి. మాకు నవ్వు తెప్పించిన పేర్లు చాలావరకు పసిఫిక్ దీవుల భాషల నుంచి, ముఖ్యంగా మావోరీ నుంచి తీసుకున్నవి. టోవా అంటే వీరుడు. తహు అంటే నిప్పంటించటం. ఊళ్ళలోని మామూలు జనానికి కంపెనీ పెట్టిన పేరు తొహుంగ. మావోరీలో ఆ మాటకి అర్థం మామూలు జనం కాదు. మంత్రం, వైద్యం, చెక్కడం, వంశచరిత్ర లాంటి విద్యల్లో ఆరితేరిన పెద్ద. న్యూజిలాండ్ ప్రభుత్వం 1907లో తొహుంగ అణచివేత చట్టం అనే పేరుతోనే చట్టం చేసి వాళ్ళ వైద్యాన్ని నేరం చేసింది. 1962 దాకా అది అమల్లో ఉంది. యాభై అయిదేళ్ళు చట్టం వెంటాడిన మాట, మరో నలభై ఏళ్ళు తిరక్కుండానే వేలెడంత ప్లాస్టిక్ బొమ్మ పేరయింది. 2001లో మావోరీ తెగల తరఫున లాయరు మౌయి సోలమన్ లెగోకి అభ్యంతరం తెలిపారు. చర్చల తర్వాత కంపెనీ ఆ మాట వదిలేసి మటోరన్ అనే కొత్త మాట కల్పించుకుంది. ఇకముందు అలా పేర్లు తీసుకోబోమంది. 2003లో జల కాస్తా జాలర్ అయ్యాడు, హుకీ స్పెల్లింగ్ మారింది, మాకు పేరులోనూ ఇంకో అక్షరం దూర్చారు. టోవా, మాత నుయ్ మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఈ మార్పుని కథలో ఎలా చెప్పారో చూడండి. దీవిలో నామకరణ పండుగ జరిగిందట. వీరత్వం చూపినవాళ్ళకి గౌరవంగా కొత్త పేర్లు ఇచ్చారట! అభ్యంతరం లేదు, లేఖ లేదు, అడిగిన మనుషులు లేరు. పేరు మార్చి దాన్ని సన్మానంగా చెప్పటం మనకేం కొత్త? పెళ్ళయిన మర్నాటినుంచీ ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకి ఈ పండుగ బాగా తెలుసు.

మా తెలుగు నవ్వునీ, మావోరీల బాధనీ ఒకే తక్కెడలో వెయ్యటం నా ఉద్దేశం కాదు. తెర మీద 'జల' అన్న మాట చూసి మేం నవ్వుకున్నాం, ఇంటికొచ్చి నీళ్ళు తాగాం. మా భాషలో ఆ మాటకి ఏమీ కాలేదు. మా నించి ఎవరూ ఏమీ తీసుకోలేదు. అది శబ్దం కలవటం, అంతే. వాళ్ళ మాట వాళ్ళ పెద్దల ఒంటి మీంచి ఊడదీసినది. కానీ రెండు భాషలూ నాకు ఒక చోట కలిశాయి. మావోరీలో 'మాకు' అని దీర్ఘం తీస్తే 'నాకోసం', 'నా వంతు' అని అర్థం. చివర కూడా దీర్ఘమిస్తే తడి అని. నీటి ఊరి పిల్లకి తడి అన్న అర్థంతోనే పెట్టి ఉంటారు. తెలుగులో మాకు అంటే మీరు కాకుండా మేము. 'మనకు' వేరు. అవతలివాళ్ళని కలుపుకునే మనమూ, కలుపుకోని మేమూ వేరువేరుగా ఉన్న భాష మనది. మావోరీలోనూ ఆ తేడా ఉంది, తాతౌ అంటే మనం, మాతౌ అంటే మేం. ఇంగ్లీషుకి రెండూ ఒకటే. ఎవరి పేర్లు ఎవరివో తెలియకుండా తీసుకోవటం, 'మాకు'ని 'మనకు' అనుకోవటం లాంటిదే. అంతా మనదే అనేవాడికి అడగాల్సిన అవసరమే కనబడదు.

చరిత్రకారుడి సంగతి మిగిలింది. 2003లో రెండో ఆట వచ్చింది. తకూవా వేరే పని మీద వెళ్ళిపోతాడు. ఈసారి మనం ఆడేది హాలీగా. నీటి ఊరి పిల్ల, నార పని చేసుకునేది. అన్నయ్య అప్పటికి ఈ ఆటలు వదిలేశాడు, నేను పరీక్షల్లో పడ్డాను. అందుకని హాలీని నేను కలిసింది కిందటి వేసవిలోనే. మేనకోడలు పట్టరాని ఉత్సాహంతో మొదలుపెట్టింది. రెండో రోజుకి విసుక్కుంది. "అత్తా, ఈ అమ్మాయికి అన్నీ పనులే!" నిజమే. తకూవా దీవంతా ఊరికే తిరిగాడు. దారిలో కనబడ్డ పని చేశాడు, చూశాడు, చూసినందుకే పుస్తకం ఇచ్చారు. హాలీ మాత్రం సరుకులు ఏరాలి, ఒక ఊళ్ళో మార్చుకుని ఇంకో ఊళ్ళో అమ్మాలి, బలం పెంచుకోవాలి, వేగం పెంచుకోవాలి, కోలీ అనే బంతాట పోటీలో నెగ్గాలి. అప్పుడు గానీ ఆ పుస్తకం ఆమె చేతికి రాదు. తయారుచేసినవాళ్ళు ఇలా ఉద్దేశించి చెయ్యలేదేమో. కొత్త రకం ఆట పెట్టాలనుకున్నారు, ఆ విడతకి అమ్మాయిని పెట్టారు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన యూనివర్సిటీ సెలెక్షన్ కమిటీలు గుర్తురాకుండా ఉంటాయా!

అయినా పుస్తకం ఆమె చేతికి వచ్చింది. ఆ మాట చిన్నది కాదు. ఆ దీవి చరిత్రని ఆఖరున రాసింది నీటి ఊరి పిల్ల. మన భాషలో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు ముసలివాళ్ళయ్యాక నోరు విప్పారు. అంతవరకూ పుస్తకం వేరేవాళ్ళ చేతుల్లో ఉంది. పుస్తకం చేతులు మారితే ఏమవుతుందో మనకి ఆ సంకలనం చూపించింది. బొమ్మల కంపెనీ చూపించటానికి చేసింది కాకపోయినా, పదేళ్ళ పిల్లకి అదే సంగతి ఆటలోనూ అందొచ్చు.

లెగో సంస్థ 2003, 2004లలో పెద్ద నష్టాల్లో పడ్డప్పుడు నిలబెట్టిన సరుకుల్లో బయోనికల్ ఒకటి. 2010లో ఆ వరస ఆపేశారు. 2015లో మళ్ళీ తెచ్చి 2016లో మళ్ళీ ఆపారు. మధ్యలో 2012లో ఆడపిల్లల కోసమంటూ గులాబి, ఊదారంగుల్లో ఫ్రెండ్స్ అనే వరస తెచ్చి విమర్శలు ఎదుర్కొన్నారు. 2021 అక్టోబరు 11న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం రోజున, తమ బొమ్మల్లో ఆడ మగ మూసల్ని తొలగిస్తామని ప్రకటించారు. ఆరింట ఒకటి అన్న లెక్క నుంచి అక్కడికి రావటానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఆట పదిలంగానే ఉంది. 2001లో ఉన్న పాత పేర్లు, జల, హుకీ, మాకు, ఆ మొదటి ఆటలో ఇంకా అలాగే కనబడతాయి. పదిలంగా లేనిది పాల లెక్క పుస్తకం. మేం ఇల్లు మారినప్పుడు పాత కాగితాలవాడికి తూకానికి వెళ్ళిపోయింది. మా మేనకోడలికి దాని గురించి చెప్తే, "నానమ్మే అసలు చరిత్రకారిణి కదా," అంది. అమ్మని అడిగితే ఆ రాతలేవీ గుర్తులేవంది. చిక్కుళ్ళు గుర్తున్నాయి, కర్టెన్లు గుర్తున్నాయి, నీళ్ళావిడకి గాలి అని పేరుపెట్టినవాడి మీద నవ్వు గుర్తుంది. "అయినా అదేమన్నా రాతా, మర్చిపోతావని రాశాను," అంది.

ఎవరో మర్చిపోతారని రాయటం కాక చరిత్ర ఇంకేమిటి? పాల పుస్తకాల వెనక పేజీలు, చాకలి పద్దులు, పిల్లల నోట్సుల అంచులు, వీటిల్లో మన ఆడవాళ్ళు రాసుకున్నది ఎంత తూకానికి పోయిందో లెక్కలేదు. అమెరికాలో తయారైన ఒక ఫ్లాష్ ఆటని దాచటానికి ఎక్కడెక్కడివాళ్ళో రాత్రిళ్ళు కూర్చున్నారు. మన అటకల మీద ఇంకా మిగిలి ఉన్న పుస్తకాల్ని అమ్మేముందు ఒక్కసారి వెనక పేజీ తిప్పి చూడమని మాత్రం ఈ పత్రిక చదివేవాళ్ళని అడుగుతున్నాను.